మందు మానేయాలంటే: మాల వేసుకునే ముందు నుంచి మూడో నెల దాకా చేయాల్సిన పనులు

కార్తీకం దగ్గర పడిందంటే మన ఊళ్లలో ఎంతోమంది మందు మానేస్తారు. అయ్యప్ప మాల మెడలో పడితే 41 రోజులు చుక్క ముట్టరు. శివ దీక్ష, భవానీ దీక్ష, హనుమాన్ దీక్ష తీసుకునేవాళ్లూ అంతే. రంజాన్ నెలలో ఆపేవాళ్లున్నారు, శ్రమల కాలంలో ఆపేవాళ్లున్నారు. దీక్ష బలం చిన్నది కాదు. తెల్లవారుజామునే లేవడం, వేళకు తిండి, తాగనివాళ్ల మధ్య సాయంత్రాలు, "స్వామీ" అని గౌరవంగా పిలిచే ఊరు... మందు మానే మనిషికి కావలసినవి ఇవే. అయితే రోజూ తాగేవాళ్లకు ఇందులో రెండు గండాలున్నాయి. మాల పడిన మొదటి నాలుగు రోజులు ఒకటి, మాల తీసిన మర్నాడు రెండోది. మొదటిదాంట్లో ప్రాణానికే ముప్పు. రెండోదాంట్లో అప్పటిదాకా పడ్డ కష్టమంతా నీళ్లపాలవుతుంది. ఈ రెండూ దాటడానికి ఒట్లు చాలవు, ముందుగా చేసుకున్న ఏర్పాట్లు కావాలి. దీక్ష తీసుకోనివాళ్లు "మాల రోజు" అన్నచోటల్లా తాము పెట్టుకున్న ముహూర్తం అని చదువుకోవచ్చు.

ముందు లెక్క రాయండి

డాక్టర్ దగ్గర "రోజూ కొంచెం తీసుకుంటానండీ" అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఒక కాగితం మీద గత రెండు వారాల్లో ఏ రోజు ఎంత తాగారో మిల్లీలీటర్లలో రాయండి. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 30 ఎంఎల్‌లో సుమారు 10 గ్రాములు. నైంటీలో 30, క్వార్టర్‌లో 60 గ్రాములు. 650 ఎంఎల్ మామూలు బీరులో 25 గ్రాముల దాకా, 8 శాతం స్ట్రాంగ్ బీరులో 40 గ్రాముల దాకా ఉంటుంది. "నేను బీరే తాగుతాను" అని ధీమాగా ఉండేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. రెండు స్ట్రాంగ్ బీర్లంటే క్వార్టర్ దాటిపోయినట్టే.

తర్వాత ఇవి రాయండి. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? వణుకు తగ్గడానికి పొద్దున్నే ఓ పెగ్గు పడాలా? ఇదివరకు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనపడ్డాయా, వినపడ్డాయా? ఆఖరిసారి ఎన్ని రోజులు ఆపగలిగారు, ఎందుకు మళ్లీ మొదలైంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే 10 ప్రశ్నల పట్టిక కూడా ఉంది. మొత్తం 40 మార్కులకు 8 గానీ ఆపైన గానీ వస్తే తాగుడు ప్రమాదకరంగా ఉన్నట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే శరీరం మందు మీద ఆధారపడి ఉండొచ్చని అర్థం.

ఏటా దీక్ష పట్టేవాళ్లు "41 రోజులు మానగలుగుతున్నాను, నాకు అలవాటెక్కడిది?" అంటుంటారు. ఆపగలగడం ఒకటి, ఆపి ఉండగలగడం ఒకటి. మాల తీసిన వారంలోనే పాత కొలతకు వచ్చేస్తుంటే అది అలవాటు కింద లెక్కే.

సొంతంగా ఇంట్లో ఆపకూడనివాళ్లు

ఏళ్ల తరబడి రోజూ క్వార్టర్ గానీ అంతకంటే ఎక్కువ గానీ తాగేవాళ్లు, పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లు, ముందు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మూర్ఛ, గుండె జబ్బు, లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు, గర్భిణులు, ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఎవ్వరూ డాక్టర్‌ను కలవకుండా ఒక్కసారిగా ఆపొద్దు. మందు రోజూ మెదడును జోకొడుతుంటుంది. దాన్ని తట్టుకుని మెలకువగా ఉండటానికి మెదడు తన వేగం పెంచుకుని ఉంటుంది. మందు హఠాత్తుగా ఆగితే ఆ వేగానికి అడ్డు పోతుంది. వణుకు, చెమటలు, ఫిట్స్ అన్నీ అక్కడినుంచే. పైగా మానడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగిన కొద్దీ తర్వాతిసారి లక్షణాలు ఇంకా గట్టిగా వస్తాయి. పోయినేడు మాల వేసుకున్నప్పుడు రెండు రోజుల వణుకుతో పోయింది కదా అని ఈ ఏడూ అంతేలే అనుకోకూడదు.

డాక్టర్ దొరకడానికి నాలుగు రోజులు పడుతుందనుకోండి, ఆ నాలుగు రోజులూ పూర్తిగా ఆపెయ్యకుండా కొంచెం కొంచెం తగ్గిస్తూ ఉండండి. మందు మానమనే వ్యాసంలో ఈ మాట వింతగా ఉండొచ్చు, కానీ హఠాత్తుగా ఆపి ఫిట్స్ తెచ్చుకోవడం కంటే ఇది మేలు.

మాలకు పది రోజుల ముందు: డాక్టర్

వెళ్లాల్సింది సైకియాట్రీ విభాగానికి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. "పిచ్చాసుపత్రికి వెళ్లానంటారు" అన్న మొహమాటంతో ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు. అక్కడ మందు మానడానికి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైన్ టెలీమానస్ 14416కు గానీ ఫోన్ చేయండి. రెండూ ఉచితమే. 2022లో మొదలైన టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంట్లోంచి ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి. టాబ్లెట్లు ఆ మనిషి చేతిలోనే ఉంటాయి కాబట్టి డాక్టర్ చెప్పేది ఆ మనిషి కూడా వినాలి. రాసుకున్న కాగితం ఇవ్వండి, అందులో సగానికి తగ్గించి చెప్పకండి. టాబ్లెట్ల మోతాదు మీరు చెప్పిన కొలతను బట్టే వేస్తారు. తగ్గించి చెబితే మోతాదు చాలక మూడోరోజు ఫిట్స్ రావచ్చు. నిద్ర మాత్రలు, ఆల్ప్రజోలామ్, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, గంజాయి, కల్లు ఏవి వాడినా దాచొద్దు.

సాధారణంగా రాసే పరీక్షలు: లివర్ ఫంక్షన్ టెస్ట్, రక్తకణాల లెక్క, షుగర్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, అవసరమైతే మెగ్నీషియం, కడుపు స్కానింగ్. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే కుంగిపోకండి, ఆ దశలో మానేస్తే లివర్ కొన్ని వారాల్లోనే కోలుకోవడం మొదలుపెడుతుంది. సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోయిన దశ అయితే పాత స్థితికి రాదు, అయినా మానితే ఆయుష్షు నిలబడుతుంది.

డాక్టర్ ఇంట్లో ఉండి మానొచ్చంటే టాబ్లెట్లు రాస్తారు, ఎక్కువగా క్లోర్‌డయాజెపాక్సైడ్. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు లొరాజెపామ్ ఇస్తారు. మొదటి రెండు రోజులు ఎక్కువ, తర్వాత రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. ఇవి వేసుకుని మందు తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. బండి నడపకూడదు. బాగా పనిచేస్తున్నాయని నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుని వాడితే మందు పోయి మాత్ర అలవాటవుతుంది. అందుకే మొత్తం స్ట్రిప్ మీ చేతికి వద్దు, ఇంటి మనిషే పూటపూటకూ లెక్కపెట్టి ఇవ్వాలి.

ఈ వారం అయ్యాకే మాల వేసుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేల మీద పడక ఆరోగ్యంగా ఉన్న మనిషికి పర్వాలేదు. చేతులు వణుకుతూ, వాంతులవుతూ, తిండి లోపలికి పోని మనిషికి అదే వారంలో అవన్నీ పెడితే నీరసానికి నీరసం తోడవుతుంది. గురుస్వామికి ఉన్న విషయం చెప్పండి. టాబ్లెట్లు వేసుకోవడం దీక్షకు అడ్డం కాదు.

ఆఖరి గ్లాసు తర్వాత గంటల లెక్క

6 నుంచి 12 గంటలు: చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం. టాబ్లెట్లు సరిగ్గా పడుతుంటే ఇవి అదుపులో ఉంటాయి.

12 నుంచి 48 గంటలు: ఫిట్స్ వచ్చే సమయం. 6 గంటలకే రావడమూ ఉంది. కొంతమందికి ఈ దశలోనే చెవిలో ఎవరో పిలిచినట్టు, ఒంటిమీద చీమలు, బొద్దింకలు పాకినట్టు ఉంటుంది.

48 నుంచి 96 గంటలు: అన్నిటికంటే గడ్డు కాలం. ఏ ఊళ్లో ఉన్నాడో, పగలో రాత్రో తెలియదు. ఇంట్లో మనిషిని గుర్తుపట్టడు. గాల్లోంచి ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు, పనిలో ఉన్నట్టు మాట్లాడతాడు. జ్వరం, విపరీతమైన చెమటలు, బీపీ పెరగడం ఉంటాయి. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఆసుపత్రిలో చేర్చకపోతే ప్రాణం పోవచ్చు. మన దగ్గర సరిగ్గా ఇక్కడే సమయం పోగొట్టుకుంటారు. గాలి సోకిందనో, స్వామి పూనాడనో, మాలలో ఏదో అపచారం జరిగిందనో తాయెత్తులకూ మంత్రాలకూ తిప్పి, చేతులు కాళ్లు కట్టేసి, రెండోరోజుకు ఆసుపత్రికి తెస్తారు. తాగుడు ఆపిన మనిషి మూడోరోజు తికమకగా మాట్లాడుతున్నాడంటే ముందు 108కి ఫోన్ చేయండి. పూజలు ఆసుపత్రి నుంచి వచ్చాక చేసుకోవచ్చు.

ఈ నాలుగు రోజులు మనిషిని ఒంటరిగా వదలొద్దు. పగలొకరు, రాత్రొకరు ఉండాలి. గదిలో గోల లేకుండా, రాత్రి చిన్న లైటు వెలిగేలా చూడండి. చీకట్లో భ్రమలు పెరుగుతాయి. కత్తులు, కొడవళ్లు, ముఖ్యంగా పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేయండి. మానిన తొలి వారాల్లో మనసు బాగా కుంగుతుంది, ఆ ఒక్క గంట చేతికి అందే దూరంలో డబ్బా లేకపోవడమే ప్రాణం నిలబెడుతుంది.

ఫిట్స్ వస్తే మనిషిని ఎడమ పక్కకు ఒత్తిగిలేలా తిప్పి, తల కింద మెత్తటి బట్ట పెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ, చెప్పు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం ఏవీ వద్దు. ఎంతసేపు వచ్చిందో గడియారం చూడండి. మందు మానిన మనిషికి ఫిట్స్ ఒక్కసారి వచ్చి తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, రెండోది ఆ కొద్ది గంటల్లోనే రావచ్చు.

రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, కడుపు ఉబ్బడం, 101 దాటిన జ్వరం కనపడినా ఆగకుండా వెళ్లండి.

సెలైన్ పెట్టించే ముందు థయమిన్

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నీరసంగా పడి ఉన్న మనిషిని చూసి ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం మన దగ్గర మామూలు. రోజూ తాగేవాళ్లలో థయమిన్, అంటే విటమిన్ బీ1, దాదాపు అడుగంటి ఉంటుంది. తిండి సరిగ్గా తినరు, తిన్నది కూడా మందు వల్ల పేగుల్లోంచి ఒంటికి పట్టదు. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవడానికి మెదడుకు థయమిన్ కావాలి. అది లేనిచోట ఒక్కసారిగా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చైపోయి మెదడు దెబ్బతింటుంది. కళ్లు నిలకడగా నిలవవు, ఒకటి రెండుగా కనపడుతుంది, తాగకపోయినా తూలుతూ నడుస్తాడు, తికమకపడతాడు. ఆ దశలో వెంటనే థయమిన్ ఇంజెక్షన్లు పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. పొద్దున తిన్నది సాయంత్రం గుర్తుండదు.

అందుకే ఎవరు సెలైన్ పెడతామన్నా "ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?" అని అడగండి. గ్లూకోజ్ కంటే ముందు, లేదంటే కనీసం దాంతోపాటు అది పడాలి. తిండి మానేసి, వాంతులతో చిక్కిపోయినవాళ్లకు మొదట ఇంజెక్షనే సరైనది, నోటి మాత్ర అంతగా ఒంటికి పట్టదు. తర్వాత నోటి ద్వారా 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్ల దాకా డాక్టర్ రాస్తారు, కొన్ని నెలలు కొనసాగుతుంది. మామూలు బీకాంప్లెక్స్ గోలీలో థయమిన్ చాలా తక్కువ, అది దీనికి బదులు కాదు. షుగర్ మందులు వాడే మనిషి స్పృహ తప్పితే మాత్రం గ్లూకోజ్ ఆపొద్దు, రెండూ కలిపి వెంటనే ఇవ్వాలి. అది ఆసుపత్రి పని.

తిండి విషయానికొస్తే, మొదటి రెండు రోజులు రాగి జావ, మజ్జిగ, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు. వాంతులుంటే ఓఆర్‌ఎస్ గుటకగుటకగా. మూడోరోజు నుంచి గుడ్డు, పెరుగు, పెసలు, అరటిపండు. మాలలో ఉంటే గుడ్డు బదులు పప్పు, శనగలు, వేరుశనగలు పెంచండి. కడుపులో నీరు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో డాక్టర్‌నే అడగాలి.

కల్తీ కల్లు తాగేవాళ్లు వేరుగా చూసుకోవాలి

తెలంగాణలో చాలాచోట్ల కల్లు దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు. రోజూ తాగేవాళ్లకు పట్టింది కల్లు అలవాటు కాదు, ఆ మత్తుమందుల అలవాటు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఎర్రగడ్డకు జనం వరసకట్టడానికి ఈ కల్లు కూడా ఒక కారణం.

వీళ్లకు వారం పది రోజుల కోర్సు సరిపోకపోవచ్చు. లక్షణాలు ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు సాగొచ్చు. డాక్టర్లు నిలకడగా ఉండే ఒక మాత్ర మీదకు మార్చి, దాన్ని వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. కాబట్టి "కల్లే కదా, అది మందు కాదు" అని దాచకుండా రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది చెప్పండి. ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా సాయంత్రం ఒక సీసా తాగే ఊళ్లలో దుకాణం మూతపడిన వారం వాళ్లమీద కూడా కన్నేసి ఉంచాలి.

రెండో వారం నుంచి

ఒంట్లో వణుకు పోయాక అసలు పని మొదలవుతుంది. నిద్ర చాలా వారాలు సరిగ్గా పట్టదు, ఇది మామూలే. పగటి నిద్ర మానండి, మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు, పట్టినా పట్టకపోయినా ఒకే వేళకు లేవండి. చాలామంది "నిద్ర కోసం ఒక్క పెగ్గు" దగ్గరే జారిపోతారు. నిద్ర మాత్ర సొంతంగా కొనుక్కోకండి.

తాగాలన్న కోరిక పొంగుతున్న పాల లాంటిది, మంట తీస్తే దిగిపోతుంది. ఎక్కువసార్లు అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంటకు ముందే పనులు సిద్ధం చేసుకోవాలి. ముందు కడుపు నిండా ఏదైనా తినండి, ఆకలితో ఉన్నప్పుడు కోరిక రెట్టింపవుతుంది. ఉన్నచోటు నుంచి లేచి వెళ్లండి. ఒక మనిషికి ఫోన్ చేయండి. ఆ మనిషి ఎవరో ఇవాళే నిర్ణయించుకుని, నంబరు ఫోన్‌లో మొదటి వరసలో పెట్టుకోండి. మందు మానినవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్లేవాళ్లకు ఇలాంటి నంబర్లు అక్కడే దొరుకుతాయి. 1935లో అమెరికాలో మొదలైన ఈ బృందాలు మన పట్టణాల్లోనూ నడుస్తున్నాయి. ఫీజు ఉండదు, ఇంటి పేరు అడగరు. మొదటి మీటింగులో మాట్లాడాల్సిన పనిలేదు, వెనక కుర్చీలో కూర్చుని వినొచ్చు. ఒక్కదానికి వెళ్లి నచ్చలేదని వదిలేయకుండా వేర్వేరు చోట్ల నాలుగైదు చూడండి. ఒక్కో బృందం ఒక్కో తీరుగా ఉంటుంది.

డబ్బు సంగతి తేల్చండి. జీతం, కూలీ చేతికి వచ్చే రోజే చాలామంది జారుతారు. మూడు నెలలు ఆ డబ్బు నేరుగా ఇంటి మనిషి ఖాతాలో పడేలా చేయండి. ఫోన్‌పే, గూగుల్‌పే మీ ఫోన్‌లోంచి తీసేయండి, జేబులో ఆ రోజు టీకి, బస్సుకు సరిపడా ఉంచుకోండి. ఊళ్లో బెల్టు షాపు అప్పు ఖాతా ఉంటే ఇంకెవరి చేతో తీర్పించండి. మీరు స్వయంగా బాకీ తీర్చడానికి వెళ్తే సీసాతో తిరిగొస్తారు. పని నుంచి ఇంటికొచ్చే దారిలో వైన్స్ ఉంటే దారి మార్చండి, పది నిమిషాలు ఎక్కువైనా సరే.

మళ్లీ తాగకుండా కాపాడే టాబ్లెట్లు

ఇవి ఉన్నాయని తెలియక చాలామంది కేవలం మనసు గట్టిచేసుకోవడం మీదే ఆధారపడతారు. నాల్ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు. తాగితే వచ్చే హుషారును తగ్గిస్తుంది, కోరికను కూడా. ట్రమడాల్, కోడీన్ లాంటివి వాడేవాళ్లు వాటిని ఆపి వారం పది రోజులు కాకముందే ఇది వేసుకుంటే తీవ్రమైన ఇబ్బంది వస్తుంది. ఆపరేషన్ ఏదైనా ఉంటే డాక్టర్లకు ముందే చెప్పాలి. అకాంప్రొసేట్ 333 మిల్లీగ్రాములది, 60 కిలోలు దాటినవాళ్లకు రెండేసి చొప్పున మూడు పూటలు. లివర్ మీద భారం ఉండదు గానీ కిడ్నీ పరీక్ష చూసి ఇవ్వాలి. రోజుకు ఆరు మాత్రలు కాబట్టి మర్చిపోవడం దీని ఇబ్బంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు కొందరు డాక్టర్లు బాక్లోఫెన్ వాడతారు.

నాలుగోది డైసల్ఫిరామ్. ఇది కోరికను తగ్గించదు, తాగితే ఒళ్లు తిరగబడేలా చేస్తుంది: మొహం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉంటే ప్రాణమే పోవచ్చు. తాగి 24 గంటలు గడిచాకే, గుండె, లివర్ పరీక్షలు చూశాకే, మనిషికి పూర్తిగా తెలిసి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. దగ్గు సిరప్‌లు, టానిక్కులు, దశమూలారిష్టం, అశోకారిష్టం లాంటి అరిష్టాల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, వాటినీ మానాలి.

"తెలియకుండా కూరలో కలిపి పెట్టండి, వారంలో మానేస్తాడు" అని మెడికల్ షాపుల్లో, ప్రకటనల్లో అమ్మే పొడులను దయచేసి కొనకండి. చాలావాటిలో ఏముందో ఎవరికీ తెలియదు, కొన్నిటిలో ఉండేది ఇదే డైసల్ఫిరామ్. తెలియని మనిషి మామూలుగా హాఫ్ తాగి కుప్పకూలితే, ఏం కలిపారో చెప్పడానికి భయపడి ఆసుపత్రిలో ఇంటివాళ్లు నోరు మెదపరు, వైద్యం ఆలస్యమవుతుంది. ఇప్పటికే కలుపుతుంటే ఆపేసి, రెండు వారాలు తాగొద్దని ఆ మనిషికి నిజం చెప్పండి.

42వ రోజు

మాల తీసే రోజు ఏర్పాట్లు ఇరుముడి కట్టే రోజుకే అయిపోవాలి. శబరిమల నుంచి తిరుగు ప్రయాణంలోనే మొదటి సీసా తెరిచే బృందాలున్నాయి. మీ బండిలో ఎవరెవరు ఉన్నారో ముందే చూసుకోండి. అవసరమైతే రైల్లో, తాగని ఇద్దరితో విడిగా రండి. మాల తీసిన రాత్రి ఇంట్లోనే ఉండండి. ఆ వారంలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందే రాయించుకుని ఉండాలి. దీక్షలో సాయంత్రం భజనకు వెళ్లిన గంట ఇప్పుడు ఖాళీ అవుతుంది, తాగాలనిపించేది సరిగ్గా ఆ గంటలోనే. దాన్ని నడకతోనో, మీటింగుతోనో, పిల్లల చదువుతోనో ఏదో ఒకదానితో నింపి పెట్టుకోండి.

దగ్గర్లో రాబోయే సందర్భాలు రాసుకోండి: సంక్రాంతి, ఆదివారం మటన్, పెళ్లి బరాత్, దినకర్మ భోజనం, పొలం అమ్మిన బయానా. ప్రతిదానికీ వెళ్లాలా వద్దా, వెళ్తే ఎవరితో, ఎన్నింటికి తిరిగి రావాలి అన్నది ముందే తేల్చుకోండి. మూడు నెలల్లోపు బరాత్‌కు వెళ్లకపోతే ఏ చుట్టరికమూ తెగిపోదు. తాగమని బలవంతపెట్టేవాళ్లకు చెప్పడానికి ఒక్క మాట సిద్ధంగా ఉంచుకోండి: "డాక్టర్ మాత్రలు వాడుతున్నా బావా, మందు పడదు." అంతే. కారణాలు విప్పి చెప్పిన కొద్దీ వాదన మొదలవుతుంది.

ఇంట్లోవాళ్లకు

రోజూ నోరు వాసన చూడటం, జేబులు వెతకడం, పాత గొడవలు తవ్వడం వద్దు. మీ పని పూటకు మాత్ర ఇవ్వడం, తిండి వేళకు పెట్టడం, ప్రమాద లక్షణాలు గమనించడం. తప్పతాగి పనికి పోలేకపోతే "జ్వరమండీ" అని మేస్త్రీకి అబద్ధం చెప్పకండి, అప్పులు మీరు తీర్చకండి. కొడుతున్నాడంటే అది వేరే విషయం, 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. తాగుడు మానే దాకా ఓర్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాలనుకుంటే అది రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టర్ అయిందా, సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి నర్సు ఉంటుందా, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఇంటివాళ్లు ఎప్పుడు కలవొచ్చు అని అడగండి. మూడు నెలలు కలవనివ్వమనే చోట, బలవంతంగా ఎత్తుకెళ్తామనే చోట, దెబ్బలతో మాన్పిస్తామనే చోట చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మందు వల్ల వచ్చే సమస్యలనూ తన కిందకు తెచ్చింది, గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఒకరోజు జారితే

ఆ రోజే ఆపండి. "ఎలాగూ తాగేశాను, ఈ వారం కానిచ్చి సోమవారం నుంచి చూద్దాం" అన్న ఆలోచనే ఒక పెగ్గును మూడు నెలల తాగుడుగా మారుస్తుంది. నలభై రోజులు మానిన ఒంటికి పాత కొలత తట్టుకునే శక్తి ఉండదు, అలవాటు ప్రకారం ఒకేసారి హాఫ్ పోస్తే స్పృహ తప్పి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు రావచ్చు. అలా పడిపోయిన మనిషిని వెల్లకిలా ఉంచకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, లేపితే లేవకపోతే 108కి ఫోన్ చేయండి.

డైసల్ఫిరామ్ వాడుతూ తాగితే తగ్గుతుందిలే అని ఇంట్లో ఉండొద్దు, ఆసుపత్రికి వెళ్లి ఏ మాత్ర వాడుతున్నారో చెప్పండి. ఒకటి రెండు రోజులే తాగి ఉంటే ఎక్కువమందికి మళ్లీ ఆ పది రోజుల కోర్సు అవసరం ఉండదు. అయితే ముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, వారం పాటు తాగినవాళ్లు మళ్లీ సొంతంగా ఆపకుండా రెండు రోజుల్లో డాక్టర్‌ను కలవాలి. వెళ్లేటప్పుడు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో, తాగడానికి రెండు గంటల ముందు ఏం జరిగింది. కారణం జేబులో డబ్బులుండటమా, ఆకలా, గొడవా, నిద్రలేమా అన్నది అందులోనే దొరుకుతుంది. డాక్టర్ దాన్ని బట్టి మాత్ర మారుస్తారు, మీరు దాన్ని బట్టి ఏర్పాటు మార్చుకోండి. లివర్ పరీక్ష ఆరో వారంలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి మళ్లీ చేయించి, మొదటి రిపోర్టు పక్కన పెట్టి చూడండి. తాగకుండా ఉంటే అందులో జీజీటీ (తాగుడు వల్ల పెరిగే లివర్ ఎంజైమ్) అంకె వారాల్లో దిగుతూ వస్తుంది. ఆ రెండు కాగితాలనూ మాత్రలు ఇచ్చే మనిషికి కూడా చూపించండి.